ఎర్ర లైటు వెలిగిందని డ్రైవుని వెంటనే పీకకండి

నాస్‌లో, అంటే ఇంట్లో అందరూ వాడుకునేలా నెట్‌వర్క్‌కి తగిలించిన హార్డ్ డ్రైవుల డబ్బాలో, డ్రైవు పోతోందని ఎవరు అడిగినా మనవాళ్ళ దగ్గర వచ్చే జవాబు ఒకటే, "ఆ డ్రైవు తీసెయ్, కొత్తది పెట్టు, అదే రీబిల్డ్ అయిపోతుంది". రీబిల్డ్ అంటే మిగతా డ్రైవుల నుంచి లెక్కగట్టి కొత్తదాన్ని నింపడం. షాపులో అదే చెప్తారు, యూట్యూబ్‌లో అదే చూపిస్తారు. చాలాసార్లు ఈ సలహా పనిచేస్తుంది కూడా, అందుకే ఇంతగా పాతుకుపోయింది. కానీ పనిచెయ్యనప్పుడు ఏం పోతుందో ఈ మధ్య బాగా దగ్గర్నుంచి చూశాను, చూశాక దీన్ని గట్టిగా వ్యతిరేకించాలనిపించింది. నేను చెప్పేది ఇది: ఎర్ర లైటు వెలిగిన డ్రైవు ఇంకా తిరుగుతూ, ఎంతో కొంత చదవగలుగుతుంటే దాన్ని బయటికి తియ్యడం మీరు చేసే చివరి పని అవ్వాలి. ముందు కాపీ, తర్వాత పరీక్ష, ఆ తర్వాతే మార్చడం.

తణుకులో జరిగింది

మా పిన్ని కొడుకు తణుకులో పెళ్ళిళ్ళకి ఫొటోలు, వీడియోలు తీస్తాడు. స్టూడియో అంటూ వేరే ఏమీ లేదు, ఇంటి మేడ మీద గదే ఆఫీసు. ఒక పాత డెస్క్‌టాప్ క్యాబినెట్‌లో నాలుగు 4 టీబీ డ్రైవులు పెట్టి, లినక్స్ మీద రెయిడ్ 5 (డ్రైవులన్నీ కలిపి ఒకటిగా వాడుతూ, ఏ ఒక్కటి పోయినా దానిలోది మిగతావాటి నుంచి లెక్కగట్టుకునే పద్ధతి) కట్టుకుని, ఇంట్లో నెట్‌వర్క్‌కి తగిలించాడు. మూడేళ్ళ పెళ్ళిళ్ళన్నీ అందులోనే ఉన్నాయి, అందులో ఆ సీజన్‌వి ఇంకా కరిజ్మా ఆల్బమ్‌లు ప్రింటుకి వెళ్ళనివి, వీడియో ఎడిటింగ్ సగంలో ఉన్నవి చాలానే.

మూడో డ్రైవు రెయిడ్‌లోంచి బయటికి పడిపోయిందని మెసేజ్ రాగానే వాడు చెయ్యాల్సిందే చేశాడు, షాపుకి ఫోన్ చేశాడు. అక్కడి అబ్బాయి "అన్నా, కొత్త డ్రైవు పంపిస్తా, పాతది పీకేసి ఆ స్లాట్‌లోనే పెట్టేయ్, రాత్రికి వదిలేస్తే పొద్దున్నకి అయిపోతుంది" అన్నాడు. కొత్త డ్రైవు వచ్చేసింది కూడా. స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని నాకు వీడియో కాల్ చేసి "అన్నయ్యా, కరెంటు ఆపి పీకాలా, ఆన్‌లో ఉండగానే పీకొచ్చా" అని అడిగాడు. "ఏదీ వద్దురా, ముందు నాలుగు డ్రైవుల స్మార్ట్ రీడింగులూ పంపు" అన్నాను.

స్మార్ట్ అంటే డ్రైవు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే నంబర్ల చిట్టా. వచ్చిన రీడింగులు చూస్తే, బయటికి పడిపోయిన మూడో డ్రైవులో పాడైన సెక్టార్లు (డేటా రాసే చిన్న చిన్న గళ్ళు) ఒక్కటీ లేవు. వాటి లెక్క చెప్పే 5వ నంబరు సున్నా, 197 సున్నా, 198 సున్నా. 199వ నంబరు మాత్రం వందల్లో ఉంది. ఆ 199 అనేది డ్రైవుకీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడిపోయిన సందర్భాల లెక్క, అంటే చాలావరకు సాటా కేబులో, కనెక్టరో, పవరో. డ్రైవు లోపల తిరిగే పళ్ళెం మీద గీత పడితే పెరిగే లెక్క కాదది. ఇక ఎర్ర గుర్తేమీ లేకుండా, "హెల్త్: గుడ్" అని పచ్చగా కనబడుతున్న ఒకటో డ్రైవులో 197వ నంబరు 16 ఉంది. అంటే 16 సెక్టార్లు చదవడానికి ప్రయత్నించి, చదవలేక, ఏం చెయ్యాలో తేల్చుకోకుండా పక్కన పెట్టి ఉంచింది.

ఇప్పుడు షాపు అబ్బాయి చెప్పినట్టే చేసుంటే ఏమయ్యేదో ఆలోచించండి. డేటా అంతా నిక్షేపంగా ఉన్న మూడో డ్రైవుని బయటికి తీసేసి, దాని స్థానంలో ఖాళీ డ్రైవు పెట్టి, దాన్ని నింపడానికి మిగతా మూడూ మొదటి నుంచి చివరిదాకా చదివించేవాళ్ళం, ఆ మూడింట్లో ఒకటి 16 చోట్ల చదవలేనని ముందే చెప్పింది. కొత్త డ్రైవు కూడా అదే పాత కేబుల్‌కి తగిలించేవాళ్ళం కాబట్టి అదీ మళ్ళీ పడిపోయేది.

రీబిల్డ్ అంటే ఏం జరుగుతుంది

రీబిల్డ్ అనే మాట వినడానికి మరమ్మతులా ఉంటుంది కానీ అది ఆ డబ్బా జీవితంలో అన్నిటికంటే కష్టమైన రోజు. 4 టీబీ డ్రైవుని సెకనుకి 150 ఎంబీ చొప్పున ఆపకుండా చదివినా ఏడు గంటలకి పైగా పడుతుంది, మధ్యలో ఎవరైనా సినిమా చూసినా ఫొటోలు తెరిచినా ఇంకా ఎక్కువ. 8 టీబీ అయితే పదిహేను గంటల దాకా. అంతసేపూ రెయిడ్ 5 కి ఎలాంటి ఆసరా ఉండదు, మిగిలిన ప్రతి డ్రైవూ ప్రతి సెక్టారూ తప్పు లేకుండా ఇవ్వాలి. పైగా మనం చేసేదేమిటంటే నాలుగు డ్రైవులూ ఒకే రోజు, ఒకే షాపులో, ఒకే బాక్సులోంచి కొంటాం, అవి ఒకే గదిలో ఒకే వేడిలో ఒకే గంటలు తిరుగుతాయి. ఒకదానికి వయసు మీద పడితే మిగతావీ అక్కడక్కడే ఉంటాయి.

ఇక్కడ ఒక లెక్క చాలాకాలంగా తిరుగుతోంది. చాలా డ్రైవుల డేటాషీట్లలో ఉండే ఎర్రర్ రేటు ప్రకారం సుమారు 12.5 టీబీ చదివితే ఒక చదవలేని సెక్టారు తగలొచ్చు, నాలుగు 4 టీబీ డ్రైవుల రెయిడ్ 5 రీబిల్డ్‌లో మిగతా మూడింటి నుంచి 12 టీబీ చదవాలి, కాబట్టి సగానికి పైగా రీబిల్డ్‌లు ఫెయిల్ అవుతాయి, రెయిడ్ 5 చచ్చిపోయింది అని. ఈ లెక్కని నేను పూర్తిగా నమ్మను. అదే నిజమైతే ఇళ్ళలో నెలనెలా నడిచే స్క్రబ్‌లు (డ్రైవులన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివి తప్పులు వెతికే తనిఖీలు) ప్రతి రెండో నెలా ఎర్రర్లతో నిండిపోవాలి, అలా జరగట్లేదు. డేటాషీట్‌లో ఉండేది కంపెనీ ఇచ్చే హామీకి హద్దు, ప్రతి డ్రైవూ ఖచ్చితంగా అక్కడ తప్పు చేస్తుందని కాదు. నన్ను భయపెట్టేది రీబిల్డ్ రోజున కొత్తగా పుట్టే ఎర్రర్ కాదు, ఎప్పుడో పుట్టి ఎవరూ చదవని ఫైలు కింద దాక్కున్న ఎర్రర్. ఏడాదిగా ముట్టుకోని పెళ్ళి ఫోల్డర్ కింద ఒక సెక్టారు పాడైతే అది చదివే రోజు దాకా బయటపడదు, చదివే రోజు రీబిల్డ్ రోజే అయితే అప్పుడు దాన్ని సరిచెయ్యడానికి రెండో దారి ఉండదు.

అందుకే స్క్రబ్ అనేదాన్ని అంత పట్టుబట్టి అడుగుతాను. నాలుగు డ్రైవులూ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో స్క్రబ్‌లో చదవలేని సెక్టారు తగిలితే, లినక్స్ రెయిడ్ మిగతా మూడింటి నుంచి ఆ ముక్కని లెక్కగట్టి అదే చోట తిరిగి రాస్తుంది, రాసేటప్పుడు డ్రైవు ఆ సెక్టారు బాగుందో లేదో తేల్చుకుని బాగోకపోతే వేరే చోటికి మార్చుకుంటుంది, 197లో ఉన్న లెక్క దిగిపోతుంది.

నంబర్లని ఎంతవరకు నమ్మాలి

దీనికి ఎదురు వాదన బలమైనదే. స్మార్ట్ రీడింగులు చూసి డ్రైవు మంచిదో చెడ్డదో తేల్చొచ్చని నేనంటే, అవి అంత నమ్మదగ్గవేనా అని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. 2007లో గూగుల్ వాళ్ళు తమ దగ్గరి లక్షకి పైగా డ్రైవుల్ని పరిశీలించి పేపర్ వేశారు. మొదటి స్కాన్ ఎర్రర్ (డ్రైవు తన పళ్ళేన్ని తనే తనిఖీ చేసుకునేటప్పుడు దొరికే తప్పు) వచ్చిన డ్రైవు, ఆ తర్వాత 60 రోజుల్లో పోయే అవకాశం ఎర్రర్ లేని డ్రైవుల కంటే 39 రెట్లు ఎక్కువని అందులో ఉంది. అదే పేపర్లో ఇంకోటి కూడా ఉంది, పోయిన డ్రైవుల్లో సగానికి పైగా వాటిలో వాళ్ళు ముఖ్యమనుకున్న నాలుగు స్మార్ట్ సంకేతాల్లో ఒక్కటీ ముందు కనబడలేదని. ఆన్‌లైన్ బ్యాకప్ కంపెనీ బ్యాక్‌బ్లేజ్ వాళ్ళు 2016లో చెప్పిన లెక్క కొంచెం నయం, వాళ్ళు గమనించే 5, 187, 188, 197, 198 నంబర్లలో కనీసం ఒకటి, పోయిన డ్రైవుల్లో 76.7 శాతం వాటిలో సున్నా కంటే ఎక్కువ ఉంది, బాగా నడుస్తున్న వాటిలో 4.2 శాతానికే అలా ఉంది.

ఈ రెండూ కలిపి నేను అర్థం చేసుకున్నది, నంబరు పెరిగితే అది నిజంగానే కబురు, పెరగకపోతే అది భరోసా కాదు. అందుకే కాపీని పరీక్ష కంటే ముందు పెట్టాను. నంబర్లన్నీ బాగున్నాయి కదా అని కాపీ వాయిదా వేస్తే ఆ సంకేతాలు చూపించకుండా పోయే డ్రైవుల్లో మీది ఉండొచ్చు.

అలాగే ప్రతి పెద్ద నంబరుకీ కంగారు పడక్కర్లేదు. కొన్ని డ్రైవుల్లో 1వ నంబరు, 7వ నంబరు కోట్లలో కనబడతాయి, సీగేట్ డ్రైవు మొదటిసారి చూసినవాళ్ళు అక్కడే హడలిపోతారు. అందులో ఎర్రర్ల లెక్కా, మొత్తం చేసిన పనుల లెక్కా ఒకే అంకెలో ఇమిడి ఉంటాయి, అంత పెద్దగా ఉండటం మామూలే. 2023లో అయితే డబ్ల్యూడీ డ్రైవులు కొన్ని మూడేళ్ళు తిరిగాయన్న ఒక్క కారణానికే సైనాలజీ కంపెనీ నాస్ డబ్బాల్లో వార్నింగ్ చూపించాయి, దాని మీద చాలా గొడవ జరిగింది, డ్రైవులో లోపమేమీ లేదు. మరోపక్క "ఓవరాల్ హెల్త్: పాస్డ్" అని వచ్చే మాట ఎంత పనికిరానిదో తమ్ముడి ఒకటో డ్రైవే చూపించింది, కంపెనీ పెట్టుకున్న గీత దాటేదాకా అది పాస్డ్ అనే అంటుంది. పైపై మాట వదిలేసి ముడి అంకెలు చూడాలి, చూసి రాసి పెట్టుకుని వారం తర్వాత మళ్ళీ చూడాలి. ముఖ్యంగా 199, అది ఎప్పటికీ తగ్గదు. కేబుల్ మార్చాక అక్కడే ఆగిపోతే జబ్బు కేబుల్‌దే, ఇంకా పెరుగుతుంటే పవరో, పోర్టో, డ్రైవు మీద ఉన్న బోర్డో చూడాలి.

"కాపీ చెయ్యడం కూడా డ్రైవు మీద భారమే కదా"

ఈ ప్రశ్న నన్ను చాలా కాలం ఇబ్బంది పెట్టింది, ఎందుకంటే ఇందులో నిజం ఉంది. కాపీ అన్నా రీబిల్డ్ అన్నా చదవడమే. పోయేముందున్న డ్రైవుతో గంటలకొద్దీ చదివిస్తే అది కాపీ మధ్యలోనే పోవచ్చు.

కానీ రెండింటికీ తేడా ఉంది. రీబిల్డ్‌కి ఏది ముఖ్యమో తెలియదు, అది డిస్క్ మొదటి సెక్టారు నుంచి చివరిదాకా వరసగా పోతుంది, మీ పెళ్ళి ఫుటేజీ ఎంతో, ఎప్పుడో డౌన్‌లోడ్ చేసి మర్చిపోయిన సినిమా కూడా దానికి అంతే. కాపీలో వరస మన చేతిలో ఉంటుంది. మా వాడి దగ్గర చేసింది అదే, ఇంకా డెలివరీ ఇవ్వని పెళ్ళిళ్ళు ముందు, డబ్బులు రావాల్సినవి ఆ తర్వాత, మూడేళ్ళ కిందటివి చివర్న. ఇంకో తేడా, రీబిల్డ్‌కి ఒక్క సెక్టారు దగ్గర దెబ్బ తగిలితే మొత్తం ఆగిపోయే అవకాశం ఉంది, కొన్ని డబ్బాలు అక్కడితో మొత్తం వాల్యూమ్‌నే క్రాష్ అని చూపిస్తాయి. కాపీకి దెబ్బ తగిలితే ఒక ఫైలు పోతుంది, పక్క ఫైలుకి వెళ్ళిపోతాం. రెండు వీడియో క్లిప్పుల దగ్గర ఎర్రర్ వచ్చింది, మిగతావన్నీ వచ్చాయి. కాపీ ఎక్కడికి చేశామంటే, రీబిల్డ్ కోసమని కొన్న ఆ కొత్త డ్రైవులోకే, యూఎస్‌బీ డాక్‌లో పెట్టి. విడిగా ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు.

ఆ తర్వాత డబ్బా ఆపి, మూడో డ్రైవు కేబుల్ మార్చి, అదే డ్రైవుని తిరిగి రెయిడ్‌లో చేర్చాం. అది బయట ఉన్నప్పుడు మారిన ముక్కల లెక్క రెయిడ్ దగ్గర బిట్‌మ్యాప్‌లో ఉంది కాబట్టి మొత్తం మళ్ళీ రాయక్కర్లేకుండా కాసేపట్లోనే కలిసిపోయింది. కలిసిపోగానే ఇందాక రాని ఆ రెండు క్లిప్పులు కూడా తెరుచుకున్నాయి, ఎందుకంటే ఇప్పుడు ఒకటో డ్రైవు చదవలేని చోట్లని మూడో డ్రైవు సాయంతో లెక్కగట్టొచ్చు. పీకేసి పక్కన పడేద్దామనుకున్న డ్రైవే ఆ రెండు క్లిప్పుల్నీ వెనక్కి తెచ్చింది. అందులో ఒకటి జీలకర్ర బెల్లం పెట్టే క్లిప్పు, రెండోసారి తీద్దామంటే కుదిరేది కాదు.

ఒకటో డ్రైవుని తర్వాత మార్చాం, అది కూడా పీకకుండానే. మదర్‌బోర్డు మీద ఖాళీగా ఉన్న సాటా పోర్టుకి కొత్త డ్రైవు తగిలించి, పాతది లోపలే ఉండగా దాన్నుంచి కొత్తదానిలోకి మార్చమని లినక్స్ రెయిడ్‌కి చెప్పొచ్చు, పాతది ఎక్కడైనా చదవలేకపోతే ఆ ముక్క మాత్రమే మిగతావాటి నుంచి తెచ్చుకుంటుంది. జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో కూడా ఇలా కుదురుతుంది, సైనాలజీలో డీఎస్ఎమ్ 7 (దాని సాఫ్ట్‌వేర్) నుంచి ఖాళీ బే (డ్రైవు పెట్టే అర) ఉంటే "రీప్లేస్ డ్రైవ్" అని ఉంది. ఇంత మంచి సదుపాయం ఉండి కూడా జనం పాతది పీకి కొత్తది పెట్టడమే పద్ధతి అనుకోవడం నాకు బాధగా ఉంటుంది. రెండే బేలున్న డబ్బాలో ఈ అవకాశం లేదు, ఒప్పుకుంటాను, అక్కడ కాపీ ఇంకా ముఖ్యం.

నా మాట వర్తించని చోట్లు కూడా ఉన్నాయి. డ్రైవు లోపల్నుంచి టిక్కు టిక్కుమని ఒకే తాళంలో చప్పుడు వస్తుంటే, తిరిగి ఆగి తిరిగి ఆగి చేస్తుంటే, చదివే హెడ్డు దెబ్బతిని ఉండొచ్చు, అప్పుడు ప్రతి నిమిషం పళ్ళెం మీద గీత పడే ప్రమాదం. వెంటనే పవర్ ఆపెయ్యాలి, కాపీ ప్రయత్నాలు వద్దు, అందులో ఉన్నది నిజంగా కావాలంటే క్లీన్ రూమ్ (దుమ్ము లేని గది) ఉన్న రికవరీ వాళ్ళ దగ్గరికే. ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా ఇంకా వాట్సాప్‌లో తిరుగుతోంది, మన ఊళ్ళ గాలిలో ఉండే తేమకి ఫ్రిజ్‌లోంచి తీసిన డ్రైవు లోపల నీటి బొట్లు పడతాయి, దయచేసి చెయ్యొద్దు. ఇక వేరే చోట పూర్తి బ్యాకప్ ఉండి, దాన్ని ఒకసారైనా తెరిచి చూసుకున్నవాళ్ళకి ఈ వ్యాసంతో పనిలేదు, షాపు అబ్బాయి చెప్పినట్టు హాయిగా పీకి మార్చుకోవచ్చు. ఆ అబ్బాయి కోణం కూడా నాకు తెలుసు, రోజుకి పదిమంది వస్తారు, ఒక్కొక్కరితో కూర్చుని రీడింగులు చదివే తీరిక లేదు, డ్రైవు మారిస్తే ఎక్కువమందికి సరిపోతుంది కూడా. అతను అబద్ధం చెప్పట్లేదు. కానీ పోయేది అతని ఫోల్డర్ కాదు.

ఏ డ్రైవు తీస్తున్నారో చూసుకోండి

అమెరికాలో ఉన్న ఒక స్నేహితుడు హనుమకొండలో అమ్మానాన్నల ఇంట్లో నాస్ పెట్టాడు, పిల్లల ఫొటోలు అక్కడికీ ఒక కాపీ వెళ్ళేలా. రెండు డ్రైవుల మిర్రర్, అంటే రెండింట్లోనూ ఒకే డేటా. ఒకటి పోయిందని మెసేజ్ వస్తే వీడియో కాల్‌లో వాళ్ళ నాన్నగారికి "రెండోది తియ్యండి నాన్నా" అని చెప్పాడు. ఆయన కుడి చేతి వైపు నుంచి లెక్కపెట్టి రెండోది తీశారు. బాగున్న డ్రైవు బయటికి వచ్చింది, జబ్బు డ్రైవు ఒక్కటే లోపల మిగిలింది. అదృష్టం కొద్దీ ఏం పోలేదు, వెంటనే గమనించారు. ఇందులో ఆయన తప్పేం లేదు. కొన్ని డబ్బాలు సున్నా నుంచి లెక్కపెడతాయి కొన్ని ఒకటి నుంచి, లినక్స్ పెట్టే పేర్లు రీస్టార్ట్ చేస్తే అటూ ఇటూ మారిపోవచ్చు. నమ్మదగ్గది ఒక్కటే, సీరియల్ నంబరు. డబ్బా కొత్తగా ఉన్నప్పుడే ప్రతి డ్రైవు సీరియల్ చివరి నాలుగు అక్షరాలు స్టిక్కర్ మీద రాసి బే ముందు అంటించండి, ఇంటిదగ్గర పెద్దవాళ్ళతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు "రెండోది" కంటే "కే సెవెన్ అని రాసున్నది" అని చెప్పడం ఎంతో తేలిక.

కరెంటూ ఎండా

మన దగ్గర ఇంకో సంగతి చూడకుండా డ్రైవుని దోషి అనకూడదు. వేసవిలో కరెంటు పోయి వస్తుంటుంది, ఇన్వర్టర్ మీదకి మారే ఆ క్షణంలో మామూలు ఫ్యాను ఏమీ అనదు గానీ డ్రైవులు ఊరుకోవు. 3.5 అంగుళాల డ్రైవు మొదట తిరగడం మొదలెట్టేటప్పుడు 12 వోల్టుల లైన్ మీద రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది, డబ్బాతో వచ్చిన అడాప్టర్ నాలుగేళ్ళు వేడికి నలిగి బలహీనపడితే రెండు డ్రైవులూ ఒకేసారి లేచేటప్పుడు వోల్టేజి జారిపోయి ఒకటి బయటికి పడుతుంది. పైకి చూస్తే డ్రైవు పోయినట్టే ఉంటుంది. కరెంటు పోయి వచ్చాకే ఎప్పుడూ ఎర్ర లైటు వస్తోందంటే, లేదా వేరువేరు డ్రైవులు వంతులవారీగా పడిపోతున్నాయంటే, ముందు అడాప్టర్ మార్చి చూడండి, డ్రైవు ధరతో పోలిస్తే అది చాలా తక్కువ. మేడ మీద గదిలో, మే నెలలో, చెక్క అల్మరాలో పెట్టి తలుపేస్తే డ్రైవు ఎంత వేడెక్కుతుందో కూడా ఒకసారి స్మార్ట్‌లోనే చూసుకోండి, ఉష్ణోగ్రత అక్కడే ఉంటుంది. అల్మరా తలుపు తీసి ఉంచడానికి ఖర్చు లేదు.

తీసేసిన డ్రైవు

అన్నీ అయ్యి, పాత డ్రైవు చివరికి బయటికి వచ్చాక కూడా దాన్ని వెంటనే వదిలెయ్యకండి. కొత్త డ్రైవుతో ఒక పూర్తి స్క్రబ్ ఎర్రర్ లేకుండా ముగిసేదాకా అలాగే పక్కన ఉంచండి.

ఆ తర్వాత వారంటీ. నాస్ డ్రైవులకి మామూలుగా మూడేళ్ళుంటుంది, పాతది పంపిస్తే వేరేది ఇస్తారు, అది తరచుగా బాగుచేసిన డ్రైవే అవుతుంది. కానీ పంపేది మన ఇంటి ఫొటోలు, ఆధార్ స్కాన్లు, బ్యాంకు కాగితాలు, తమ్ముడి విషయంలో అయితే ఊరివాళ్ళ పెళ్ళిళ్ళు ఉన్న డ్రైవు. మొత్తం సున్నాలతో రాయగలిగితే రాసి పంపొచ్చు. రెయిడ్ 5 లో ఒక్క డ్రైవులో ముక్కలే ఉంటాయి కదా అనుకోవద్దు, ఒక చిన్న ఫొటో పూర్తిగా ఒకే ముక్కలో ఉండిపోవచ్చు, మిర్రర్ అయితే మొత్తం అక్కడే ఉంటుంది. రాయడానికి లొంగని డ్రైవు అయితే నేను వారంటీ వదులుకుంటాను. కొన్ని వేల రూపాయలు వదులుకోమని పెళ్ళిళ్ళ ఫొటోలు తీసి బతికే కుర్రాడికి చెప్పడం నాకు తేలికగా ఏమీ లేదు, వాడు ఆ డ్రైవుని ఇంకా పంపలేదు, పాడేయలేదు. కస్టమర్ల పేర్లున్న ఫోల్డర్లు అందులో ఉన్నాయి కాబట్టి పంపొద్దనే నేను ఇప్పటికీ అంటున్నాను.